అప్‌డేట్: ఆఫీస్‌లో ఐపీ అడ్రస్‌ల గొడవ తేలింది

పొద్దున్నే కొన్ని సిస్టమ్స్‌కి నెట్ రాదు, ప్రింటర్ కనపడదు, పక్కవాళ్లకి మాత్రం బానే ఉంటుంది అని అడిగా కదా, దొరికింది. నెట్ రాని సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబర్, చూపించే కమాండ్) కొట్టి చూడమన్నారు, చూస్తే మా మెయిన్ రూటర్ ఇచ్చేది 192.168.1 సిరీస్ అయితే ఇక్కడ 192.168.0 ఉంది, డీహెచ్‌సీపీ సర్వర్ (సిస్టమ్స్‌కి ఐపీలు పంచేది) అన్న లైన్‌లో కూడా 192.168.0.1 అనే ఉంది, అంటే మధ్యలో ఇంకేదో ఐపీలు పంచుతోందన్నమాట. ఆ సిస్టమ్ నుంచే 192.168.0.1కి పింగ్ -టీ (ఆపేదాకా పలకరిస్తూ జవాబు వస్తోందా అని చూసే కమాండ్) పెట్టి, నెట్‌వర్క్ స్విచ్‌లో (ఆఫీస్ కేబుళ్లన్నీ కలిసే డబ్బా) ఒక్కో కేబుల్ పీకుతూ రిప్లై ఎప్పుడు ఆగుతుందా అని చూశాం (ఏ పోర్ట్‌లో ఏముందో చూపించే మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఈ తిప్పలుండవు, మాది మామూలుది). ఆగిన కేబుల్ పట్టుకుని పోతే మీటింగ్ రూమ్‌లో టీవీ వెనకాల దుమ్ముపట్టిన పాత వైఫై రూటర్, సిగ్నల్ కోసం ఎవరో లాన్ పోర్ట్‌లో గుచ్చేసి పోయారు! రెండిట్లో ఏది ముందు జవాబిస్తే సిస్టమ్ దాని ఐపీనే తీసుకుంటుంది, అందుకే కొందరికే ప్రాబ్లం.

ఆ పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి, అడ్రస్ 192.168.1.2కి మార్చి, మెయిన్ రూటర్ పూల్‌ని (అది పంచే ఐపీల చివరి నంబర్లు) 100 నుంచి 200 వరకు పెట్టాం. సిస్టమ్స్‌లో రిలీజ్, రెన్యూ (పాత ఐపీ వదిలి కొత్తది తీసుకునే కమాండ్‌లు) కొట్టాక అన్నీ దారికొచ్చాయి. ఒక ల్యాప్‌టాప్ మాత్రం 169.254 (ఎవరూ ఐపీ ఇవ్వనప్పుడు సిస్టమ్ తనే పెట్టుకునేది) చూపించింది, దాని సంగతి వేరే, దాని కేబుల్ క్లిప్ విరిగి లూజ్ అయింది. ప్రింటర్‌కి ఐపీ రిజర్వేషన్ (ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా చేయడం) ఒక్కటి మిగిలింది, రేపు పెడతా.