గొర్రెను దొంగిలించిన తండ్రి: కన్ఫ్యూషియస్ సమర్థించింది పితృభక్తినా, పక్షపాతాన్నా?

ప్రశ్న:
ప్రాచీన చైనా తాత్వికుడు కన్ఫ్యూషియస్ మాటలను శిష్యపరంపర కూర్చిన 'అనలెక్ట్స్' చదువుతూ పదమూడవ అధ్యాయంలో ఒక సంభాషణ దగ్గర ఆగిపోయాను. తమ ప్రాంతంలో ఒక రుజువర్తనుడున్నాడనీ, తండ్రి గొర్రెను దొంగిలిస్తే తండ్రి మీదే సాక్ష్యం చెప్పాడనీ షె ప్రాంతపు పాలకుడు గొప్పగా చెబుతాడు. తమ దగ్గర రుజువర్తన వేరే విధంగా ఉంటుందనీ, తండ్రి తప్పును కొడుకూ, కొడుకు తప్పును తండ్రీ దాచుకుంటారనీ కన్ఫ్యూషియస్ బదులిస్తాడు. నీతిని బోధించినవాడు ఈ మాట ఎలా అన్నాడు? గొర్రె పోగొట్టుకున్నవాడి సంగతేమిటి?

జవాబు 1:
ఆయన కాలాన్ని (క్రీ.పూ. 551–479) గుర్తుంచుకుంటే ఆ మాట కొంత అర్థమవుతుందండీ. చైనాను ఏలుతున్న చౌ వంశపు రాజుల అధికారం పేరుకు మాత్రమే మిగిలి, సామంతులు ఒకరి మీద ఒకరు కత్తులు దూస్తున్న రోజులవి. శిక్షలతో పాలిస్తే జనం తప్పించుకునే దారులు వెతుకుతారే తప్ప సిగ్గుపడటం నేర్చుకోరని ఆయన నమ్మకం. సాటి మనిషి పట్ల ఉండవలసిన ఆర్ద్రతను ఆయన 'రెన్' అన్నాడు. దానికి వేరు తల్లిదండ్రులనూ అన్నలనూ గౌరవించడంలో ఉందని ఆ గ్రంథం మొదటి అధ్యాయమే చెబుతుంది. కన్నతండ్రిని పట్టించిన కొడుకును మెచ్చుకునే రాజ్యం ఆ వేరునే నరుకుతోందని ఆయన భావించి ఉంటాడు. అయితే తండ్రి చేసింది ఒప్పని ఆయన ఎక్కడా అనలేదు. తల్లిదండ్రులు తప్పు చేస్తే మెల్లగా నచ్చజెప్పాలనీ, వారు వినకపోయినా గౌరవం తగ్గించకూడదనీ నాలుగవ అధ్యాయంలో ఉంది. గొర్రెను తిరిగి ఇచ్చేయమని తండ్రిని బతిమాలడం కొడుకు బాధ్యతేనని నా అభిప్రాయం.

జవాబు 2:
పైవారి వివరణ బాగుంది కానీ, నాకు పూర్తిగా సమ్మతం కాదు. కఠిన చట్టాలతోనే రాజ్యం నిలుస్తుందని వాదించిన క్రీ.పూ. మూడవ శతాబ్దపు తాత్వికుడు హాన్ ఫే ఇదే కథను మరోలా చెప్పాడు. అందులో సాక్ష్యం చెప్పిన కొడుకుకే మంత్రి మరణశిక్ష వేయిస్తాడు; ఆ తరువాత నేరాలు పైవారి చెవిన పడటమే మానేస్తాయి. ముసలి తండ్రిని చూసుకునేవారు లేరని మూడుసార్లు యుద్ధం నుంచి పారిపోయినవాడిని కన్ఫ్యూషియస్ మెచ్చుకున్నాడనీ, దాంతో ఆయన స్వస్థలమైన లూ రాజ్యపు సైనికులు సులువుగా లొంగిపోవడం అలవాటు చేసుకున్నారనీ కూడా ఎత్తిపొడిచాడు. ఎత్తిపొడుపే అయినా అందులో పదునుంది: ఇంటి ధర్మం, రాజ్య ధర్మం అన్నివేళలా ఒకే దారిన నడవవు. తరువాత టాంగ్ రాజవంశపు చట్టం బంధువుల నేరాలను దాచడాన్ని అనుమతించింది, రాజద్రోహానికి మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. సింహాసనం జోలికి వస్తే పితృభక్తి పక్కకు తప్పుకోవలసిందేనన్నమాట!

జవాబు 3:
ఒక చిన్న చేర్పు. ఈ సంప్రదాయంలో విధేయత ఒకవైపు నుంచే నడిచేది కాదు. రాజు రాజుగా, తండ్రి తండ్రిగా ఉండాలన్నది కన్ఫ్యూషియస్ మాట. షాంగ్ వంశపు చివరి రాజు, క్రూరుడైన చౌను (పైన చెప్పిన చౌ వంశం వేరు) చంపడం గురించి అడిగితే, చౌ అనే ఒక మనిషిని చంపారని విన్నానే గానీ రాజును చంపారని వినలేదని కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తరువాతి తాత్వికుడు మెన్షియస్ అన్నాడు. స్త్రీల విషయంలో మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడం కనిపించదు. తండ్రికి, భర్తకు, చివరికి కొడుకుకు లోబడి ఉండాలన్న నియమమే శతాబ్దాల పాటు నడిచింది. 1919 నాటి చైనా యువతరం కన్ఫ్యూషియస్ మీద తిరగబడటానికి ఇదొక ముఖ్య కారణం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. హాన్ ఫే కథనం నాకు తెలియదు. అయినా ముగ్గురిలో ఒక్కరే గొర్రెను యజమానికి తిరిగి ఇప్పించారు.