బ్లూ స్క్రీన్ వస్తే నేరుగా ఫార్మాట్ కొట్టడమేనా?

అనంత_డీటీపీ:
అందరికీ నమస్కారం. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. మా డెస్క్‌టాప్‌కు (విండోస్ 10) ఈ నెలలో రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాను, అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించడం. పని మధ్యలో తెర ఉన్నట్టుండి నీలంగా మారుతుంది, ఏడుపు ముఖం బొమ్మ వస్తుంది, సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది.

షాపులో సిస్టమ్ ఆన్ చేసి చూశారో లేదో, "విండోస్ కరప్ట్ అయింది అక్కా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారు. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు మళ్ళీ అదే. ఇంకోసారి కొట్టారు, ఇంకోసారి వచ్చింది. ఫార్మాట్ అంటే నాకు ఒక పూటతో పోయే పని కాదు. పేజ్‌మేకర్, 'అను' తెలుగు ఫాంట్లు, కలర్ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర పరికరం అన్నీ మళ్ళీ ఎక్కించుకోవాలి. మొన్న ధర్మవరం నుంచి పెళ్లివాళ్ళు వచ్చి పత్రికల కోసం ఎదురుగా కూర్చున్నప్పుడే ఆగిపోయింది. ముహూర్తానికి పదకొండు రోజులే ఉంది, వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను.

నేను అడిగేది ఒకటే. కారణం వెతక్కుండా ఫార్మాట్ కొట్టడం సరైన రిపేరేనా?

బురుజు_సర్వీస్ (కర్నూలు):
అక్కా, మీ బాధ అర్థమవుతోంది. కానీ షాపువైపు నుంచి కూడా చూడండి. నేను పద్నాలుగేళ్ళుగా కర్నూలులో సర్వీస్ చేస్తున్నా. రోజుకు పది సిస్టమ్‌లు వస్తాయి. కస్టమర్ సాయంత్రానికి కావాలంటాడు. బ్లూ స్క్రీన్‌కు వైరస్ కారణం కావచ్చు, పాడైన సిస్టమ్ ఫైల్ కావచ్చు, డ్రైవర్ (ప్రింటరు, వైఫై లాంటి పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) కావచ్చు. ఒక్కొక్కటీ వెతుకుతూ కూర్చుంటే రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులకు ఎవరూ డబ్బివ్వరు. ఫార్మాట్ చేస్తే సాఫ్ట్‌వేర్ వైపు అనుమానాలన్నీ ఒక్కసారే తీరిపోతాయి. ఆ తర్వాత కూడా వస్తే హార్డ్‌వేర్ అని తేలుతుంది. మాకు అది కూడా ఒక పరీక్షే.

దేవునికడప_ఎంసీఏ:
అన్నా, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ ఈ చివరి మాటతో ఏకీభవించలేను. ఫార్మాట్ తర్వాత కూడా వస్తే హార్డ్‌వేరే అనడానికి లేదు.

విండోస్ కొత్తగా ఎక్కించి నెట్ కలపగానే విండోస్ అప్‌డేట్ మన పరికరాలను గుర్తుపట్టి డ్రైవర్లు తెచ్చి పెడుతుంది. అంతకుముందు ఏ డ్రైవర్ వల్ల సిస్టమ్ పడిపోయిందో అదే డ్రైవర్ మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్లు చాలావరకు కెర్నల్ (విండోస్‌ను నడిపించే అసలు భాగం) లోపల పనిచేస్తాయి. అక్కడ ఒక డ్రైవర్ ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంటే, డేటా పాడవకూడదని విండోస్ తనే మొత్తం ఆపేస్తుంది. ఆ నీలం తెర అదే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. సిస్టమ్ పడిపోయినప్పుడు సాధారణంగా విండోస్ ఒక చిన్న ఫైల్ (డంప్ ఫైల్) రాసిపెడుతుంది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఏ ఫైల్ దగ్గర పడిపోయిందో చాలాసార్లు అందులో తెలుస్తుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిస్తే రెండు నిమిషాల పని. ఇంకా లోతుగా కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే విన్‌డీబీజీ ఉంది. ఫార్మాట్ కొడితే ఆ ఫైళ్ళన్నీ పోతాయి. పాత డ్రైవర్ కూడా పోతుంది. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ బటన్ నొక్కుదామంటే వెలిసిపోయి ఉంటుంది, వెనక్కి వెళ్ళడానికి పాతది ఉంటే కదా. తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారమూ పోయింది, తిరిగి వెళ్ళే దారీ పోయింది. దాన్ని రిపేర్ అని ఎలా అంటాం?

బురుజు_సర్వీస్:
తమ్ముడూ, నువ్వు చెప్పింది కాదనను. కానీ డంప్ ఫైల్ చెప్పిందల్లా నిజమని నమ్మొద్దు. చానా సార్లు అందులో ఎన్‌టీఓఎస్‌కెర్నల్ పేరు వస్తుంది. అది విండోస్ గుండెకాయ, దాన్ని ఏం మారుస్తావు? అసలు దొంగ వేరే ఉంటాడు.

ఇంకోటి, మన రాయలసీమ ఎండ, దుమ్ము. ఏప్రిల్, మే వస్తే నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో ప్రాసెసర్ ఫ్యాను మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, బ్రష్‌తో పొడి దులిపి మళ్ళీ గట్టిగా నొక్కి పెడితే బాగైనవి లెక్కలేనన్ని. నీలం తెర మీద ఒక్కోసారి ఒక్కో ఎర్రర్ కోడ్ చూపిస్తుంటే ముందు ర్యామ్‌ను, వేడిని అనుమానించాలి. వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని వస్తే దాదాపు హార్డ్‌వేరే. అప్పుడు డ్రైవర్లు వెతుక్కుంటూ కూర్చున్నా లాభం లేదు.

దేవునికడప_ఎంసీఏ:
అది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా అన్నా. కోడ్ మారుతుంటే ర్యామ్, ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైల్ అయితే డ్రైవర్. ముందు ఆ తేడా చూడాలనే నేను అంటున్నా. చూడకుండా కొట్టేస్తే ఆ తేడా కూడా తెలియదు.

ప్రొద్దుటూరు_మాస్టారు:
నాదొక మాట బాబూ. ఈ గొడవంతా అప్‌డేట్ల వల్లే. మా ఇంట్లో కంప్యూటర్‌కు అప్‌డేట్లు మొత్తం ఆపించేశాను, రెండేళ్ళుగా ఏ సమస్యా లేదు. 2024 జులై 19న ఏం జరిగిందో చూశాం కదా. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచమంతా నీలం తెరలు. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

దేవునికడప_ఎంసీఏ:
మాస్టారూ, నమస్కారం. ఆ రోజు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్టే అంచనా వేసింది. ఆ సంస్థ డ్రైవర్ కెర్నల్‌లో పనిచేస్తుంది, అది చదివే ఒక ఫైల్‌లో తప్పు దొర్లింది. కానీ దాన్ని బాగుచేయడానికి చెప్పిన పద్ధతి చూడండి. సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్ళి, డ్రైవర్ల ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైల్ తీసేసి, రీస్టార్ట్ చేయమన్నారు. ఫార్మాట్ కొట్టుకోమని చెప్పలేదు. చాలాచోట్ల ఆలస్యమైంది బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) కీ కోసం. ఇప్పుడు వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. ఆ 48 అంకెల కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఈరోజే చూసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి, అందరికీ చెబుతున్నా.

అప్‌డేట్లు మొత్తం ఆపడం మాత్రం వద్దు మాస్టారూ. మీరు అందులో బ్యాంకు పనులు చేస్తారు. భద్రతా ప్యాచ్‌లు రానివ్వండి. డ్రైవర్లు ఒక్కటే ఆపాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌కు వెళ్ళి 'నో' పెట్టుకోండి.

అక్కా, మీ తెర మీద కింద "వాట్ ఫెయిల్డ్" అని ఒక వరుస వచ్చిందా? ఈసారి వస్తే ఫోన్‌తో ఫోటో తీయండి.

అనంత_డీటీపీ:
తీశాను తమ్ముడూ, నిన్న మధ్యాహ్నం వచ్చింది. డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని ఉంది. దాని కింద ఒక ఫైల్ పేరు. గూగుల్‌లో కొడితే నా వైఫై డాంగిల్‌ది (నెట్ కోసం యూఎస్‌బీలో పెట్టే చిన్న పరికరం) అని వచ్చింది. మినీడంప్ ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్ళున్నాయి, నాలుగింటిలోనూ అదే పేరు.

దేవునికడప_ఎంసీఏ:
అయితే రుజువు చేయడం సులువు. డాంగిల్ పీకేయండి. నెట్ కావాలంటే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి. వేరే ఏమీ మార్చొద్దు, వారం చూడండి. డ్రైవర్ అప్‌డేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు మాత్రం ఎక్కించొద్దు, అవి కొత్త తలనొప్పి తెస్తాయి. డ్రైవర్ వెరిఫైయర్ వాడమని ఎవరైనా చెబితే ఇప్పుడే వద్దు. అది డ్రైవర్లను కావాలనే ఒత్తిడి పెట్టి పడగొడుతుంది, ఒక్కోసారి సిస్టమ్ పైకే లేవదు.

అనంత_డీటీపీ:
ఎనిమిది రోజులైంది. ఒక్కసారి కూడా రాలేదు. ధర్మవరం వాళ్ళ పత్రికలు ఇచ్చేశాను. డాంగిల్ డబ్బా అడుగున చిన్న సీడీ దొరికింది. అందులో పాత డ్రైవర్ ఉంది. పక్క స్టూడియోలో సీడీ డ్రైవ్ ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చి వేశాను, ఆ సెట్టింగ్‌లో 'నో' పెట్టాను. నిన్నటి నుంచి డాంగిల్‌తోనే నడుస్తోంది.

బురుజు_సర్వీస్:
సంతోషం అక్కా. మీ విషయంలో తమ్ముడే రైటు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఈ వెతుకులాటకు మీకు ఎనిమిది రోజులు పట్టింది. షాపులో ఎవరు చేస్తారు, ఎవరు డబ్బిస్తారు?

అనంత_డీటీపీ:
అన్నా, ఎనిమిది రోజులు మీరు చేయనక్కర్లేదు. ఆ ఫోల్డర్ తెరిచి పేరు చూడటానికి అరగంట. దానికి విడిగా రెండొందలు అడగండి, ఇస్తాను. రెండు ఫార్మాట్లకు వెయ్యి ఇచ్చాను, రెండు రోజుల పని పోగొట్టుకున్నాను. ఫార్మాట్ తప్పదంటే కొట్టండి, కానీ ముందు మినీడంప్ ఫోల్డర్ నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి.

బురుజు_సర్వీస్:
ఫోల్డర్ కాపీ చేసివ్వడానికి నాకేం అడ్డం లేదు, రేపటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి సిస్టమ్‌కూ అది చేస్తా. రెండొందల మాట మాత్రం కస్టమర్లు ఒప్పుకుంటారంటే నమ్మకం లేదు. ఒక నెల అడిగి చూసి ఇక్కడే రాస్తాను.