అప్‌డేట్: రెయిన్ జాకెట్ కారడం ఆగింది

బైక్ మీద వేసుకునే రెయిన్ జాకెట్‌కి భుజం కుట్టు మీది టేప్ లేచిపోయి నీళ్లు లోపలికి దిగుతున్నాయి, కొత్తది కొనాలా, అతికిస్తే సరిపోతుందా అని అడిగాను కదా. అతికించాను, నిలబడింది. సూపర్ గ్లూ వద్దన్నవాళ్లకి థాంక్స్, అది గట్టిపడి మడత పడగానే పగులుతుంది, మీరు చెప్పిన యురేథేన్ జిగురు మాత్రం ఆరాక కూడా రబ్బరులా సాగుతోంది. లేచిన టేప్ పీకేసి, పాత జిగురు పొట్టు గోటితో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లోపలివైపు కుట్టు పొడవునా పల్చగా రాసి, బల్ల మీద పరిచి ఒక రాత్రంతా వదిలేశాను. ఈ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుందట, బెంగళూరు వానాకాలంలో దానికి లోటేముంది! మొన్న సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర కుండపోతలో ఇరుక్కున్నా, చొక్కా భుజం పొడిగానే ఉంది. కాలర్ నుంచి కారిన నీళ్లు వేరే సంగతి. మిగిలిన జిగురు గట్టిపడకుండా ట్యూబ్ మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టాను, అమ్మ సణుగుతూనే ఉంది. టెంట్ కుట్లకి కూడా ఈ జిగురు పనికొస్తుందా అని అడిగినవాళ్లకి: సిలికాన్ పూత ఉన్న నైలాన్ అయితే దీన్ని వాడకండి, దానికి సిలికాన్ జిగురే అంటుకుంటుంది.