పాత .315 రైఫిల్‌కి కొత్త కర్ర: టేకా, వాల్‌నట్టా, ఫైబరా?

గునుపూర్ రైతు:
నాన్నగారి ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఇప్పుడు నా పేరు మీద ఉంది, పంట కాపలా లైసెన్సు. ఎన్నికలకు ఠాణాలో డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకున్నాక చూస్తే వెనక కర్ర మెడ దగ్గర, ఇనుప గూటిలోంచి బయటికొచ్చే చోట, వెంట్రుకంత చీలిక. బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తోంది. ఇంట్లో నాన్నగారు దాచిన టేకు దిమ్మ ఉంది. బావమరిదేమో ముందూ వెనకా ఉన్న రెండు చెక్క కర్రలూ తీసేసి ప్లాస్టిక్ రకం ఫైబర్ కర్ర వేయించమంటున్నాడు. వాల్‌నట్, అంటే అక్రోటు చెక్క, మేలని ఇంకొకరు. ఏం చేయమంటారు?

కాశీనగర్ ఒడ్డు:
ఫైబరే అన్నా, ఆలోచించకు. వంశధార పక్కన నాలుగు నెలలు గోడలే చెమర్చుతాయి, చెక్క ఊరుకుంటుందా? గొట్టం కింది ముందు కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకి నెడితే వేసవిలో సరిచూసుకున్న గురి వానల్లో తప్పుతుంది. మంచి ఫైబర్‌కి ఆ బాధ లేదు, ఏటా నూనె పట్టించే పనీ లేదు.

జయపురం వడ్రంగి ఇల్లు:
చెమ్మ గురించే అయితే టేకుని మించింది ఏముంది? ఉబ్బడం, కుంగడం చాలా తక్కువ, చెద పట్టదు. ఇంట్లో ఆరిన దిమ్మ పెట్టుకుని బయట కొనడమెందుకు అన్నా?

పర్లాకిమిడి పాతకాపు:
తమ్ముడూ, టేకు ఉబ్బదన్న మాట నిజమే. కానీ తలుపు చెక్క వేరు, రైఫిల్ చెక్క వేరు. ఇక్కడ కావాల్సింది దెబ్బ ఓర్చుకునే గుణం. పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బంతా ఆ సన్నటి మెడ మీదే పడుతుంది, టేకు అక్కడ నార వెంట చీలుతుంది. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉండటంతో ఉలి పదును ఊరికే పోతుంది, గూటికి అతికినట్టు చెక్కడం కూడా కష్టమే. జిట్టేగి (రోజ్‌వుడ్) గట్టిదే గానీ బరువు, వెనక భాగం బరువెక్కితే రైఫిల్ చేతిలో తూకం తప్పుతుంది. అందుకే తయారీదారులు వాల్‌నట్‌ని వదల్లేదు. ఏ చెక్క తీసుకున్నా మెడ దగ్గర నార పొడుగునా పారుతోందా, అడ్డంగా కోసుకుపోతోందా చూడు. అడ్డంగా పోతే ఎంత ఖరీదైన చెక్కయినా అక్కడే విరుగుతుంది.

ఫైబర్ మీద నాకు పగ లేదు. కానీ మౌజర్ అనే ఇంకో రకం రైఫిల్‌కి చేసిన ఒకే ముక్క కర్ర దీనికి పట్టదు, మనది ముందు వెనకలు విడివిడిగా ఉండే లీ ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ వంశం. పైగా కర్ర తేలికైతే భుజానికి తన్ను ఎక్కువ. పాడైంది వెనక ముక్క ఒక్కటే అయినప్పుడు మొత్తం మార్చడమెందుకు?

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. ఆ బోల్టు నువ్వు ముట్టుకోకు. వెనక కర్ర లోపల పొడుగాటి బోల్టు ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్‌లోని పాత నంబర్ 1 రకంలో దాని కొస నలుచదరంగా ఉండి ముందు కర్రలోని చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ముందు కర్ర విప్పకుండా బోల్టు తిప్పితే ఆ నలుచదరం తిరుగుతూ ముందు కర్రని చీల్చేస్తుంది. నేను తెలియక మా ఊరి వడ్రంగి చేత తిప్పించాను. టప్‌మని ఒక్క చప్పుడు, అంతే, బాగున్న ముక్క కూడా పోయింది. ఆ రోజు అన్నం సయించలేదు. లైసెన్సు లేని మనిషి చేత రిపేరు చేయించడం 1959 ఆయుధాల చట్టం కింద నేరమని కూడా తర్వాతే తెలిసింది. కాబట్టి లైసెన్సున్న గన్ మిస్త్రీ దగ్గరకే వెళ్లు.

కాశీనగర్ ఒడ్డు:
మరి వానలకి గురి తప్పే మాటకి జవాబు చెప్పలేదు గురువుగారూ.

పర్లాకిమిడి పాతకాపు:
చెక్క లోపలి ముఖం కూడా సీలు చేయించాలి బాబూ. పైన నిగనిగలాడే పాలిష్ కొట్టి లోపల పచ్చిగా వదిలేస్తారు, చెమ్మ దూరేది అక్కడే. అవిసె నూనె పలచగా పట్టించి, ఆరాక మళ్లీ పట్టించాలి. ఇనుముకి రాసే నూనె మాత్రం చెక్కలోకి దిగనివ్వకూడదు, చెక్క మెత్తబడుతుంది. ఎలాగూ ఇది పంట కాపలాకి, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి కాగితం లేకుండా అడవిపంది మీదైనా పేల్చకూడదు కదా. అర కిలోమీటరు గురి మనకెందుకు? దాని కన్నా వెనక కర్ర పొడుగు చూసుకోండి. కర్ర అడుగు మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలి మొదటి గణుపు ట్రిగ్గర్‌కి అందాలి. లీ ఎన్‌ఫీల్డ్ వెనక కర్రలు అరంగుళం తేడాలతో పొట్టివీ పొడుగువీ చేసింది అందుకే.

గునుపూర్ రైతు:
ఇప్పుడే కొలిచి చూశాను. వేలు అందట్లేదు, దాదాపు అంగుళం పొడుగుంది. నాన్నగారు ఆజానుబాహువు, నేను అమ్మ పోలిక. ఇన్నేళ్లూ కర్ర అడుగు చొక్కాకి తట్టుకుంటుంటే నా చేతిదే లోపం అనుకున్నాను. వాల్‌నట్ వెనక ముక్క ఒక్కటే వేయిస్తాను, ముందు కర్ర అలాగే ఉంటుంది. పాతది మిస్త్రీకి కొలతకి ఇచ్చి మళ్లీ వెనక్కి తెచ్చుకుంటాను, నాన్నగారి చెంప ఆనిన చోట పాలిష్ అంతా పోయి అద్దంలా నున్నగా ఉంది.