130 మంది పిల్లలు, 40 సీట్ల బస్సు: ఈ జవాబుకి ఎన్ని మార్కులు వేయాలి?

నల్లబల్ల
జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొన్న ఎనిమిదో తరగతి స్లిప్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. "130 మంది పిల్లలు విహారయాత్రకి వెళ్తున్నారు. ఒక్కో బస్సులో 40 మంది పడతారు. ప్రయాణానికి ఏం ఏర్పాటు చేయాలి?"

సగం మందికి పైగా 3.25 అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. కొందరు 4 బస్సులు అన్నారు. ఒక కుర్రాడు మాత్రం ఇలా రాశాడు: "3 బస్సులు, 1 టాటా మ్యాజిక్. నాలుగో బస్సు పెడితే 30 సీట్లు ఖాళీ."

రెండుకి రెండు వేశాను. స్టాఫ్ రూములో తోటి టీచర్ ఒప్పుకోలేదు. జవాబు 4 బస్సులే, ఒక మార్కు దాటకూడదన్నారు. ఏం, ఎలా నేర్పాలో చెప్పే రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే వచ్చింది. ఆ తర్వాత సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పెట్టి, లెక్కలకి అయిదు విద్యా ప్రమాణాలు రాసుకున్నాం. అందులో కారణాలు చెప్పడం, నిరూపణ చేయడానికి 20 శాతం వెయిటేజీ ఇచ్చాం. ఆ 20 శాతాన్ని నిజంగా కొలుస్తున్నామా? పిల్లవాడి ఆలోచనకి మార్కులు వేయాలనే నేనంటాను. మీరేమంటారు?

ఎర్రసిరా
చాలా ఏళ్ళుగా పదో తరగతి పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తున్నాను. కుర్రాడి తెలివి నాకూ నచ్చింది. కానీ మీ క్లాసు వేరు, పబ్లిక్ పరీక్ష వేరు. అక్కడ రోజుకి 40 పేపర్లు దిద్దాలి. ఎండాకాలం, ఫ్యాన్ సరిగ్గా తిరగని గది. నా టేబుల్ దగ్గర ఈ జవాబుకి రెండు పడి, పక్క టేబుల్ దగ్గర సున్నా పడితే ఆ పిల్లల గతేంటి? బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో సీటు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీదే. ఒక్క మార్కు తేడాతో పేదింటి పిల్ల సీటు పోతుంది. ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసిచ్చే కీ అన్నది మా బద్ధకం కోసం పెట్టుకున్నది కాదు, పిల్లలకి రక్షణ.

ముగ్గుచుక్క
నేను టీచర్ని కాను, అమ్మని. మార్కులు పెడితే ఆలోచన చచ్చిపోతుందని నా భయం. మా అమ్మాయి లెక్కల పుస్తకంలో "ఆలోచించి, చర్చించి రాయండి" అని చిన్న చిన్న పెట్టెలు ఉన్నాయి. ఎంత బాగుంటాయో. వాటికీ గైడ్లో జవాబులున్నాయి. స్కూల్లో టీచర్ ఆ జవాబు డిక్టేట్ చేస్తే, క్లాసంతా ఒకే వాక్యం రాసుకొచ్చారు. "నా అభిప్రాయం ప్రకారం" అనే మాటతో సహా! ప్రాజెక్టు వర్కు అయితే రాత్రి పదింటికి నేనే కత్తిరించి అంటించాను. ఇంటర్నల్స్ ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆంధ్రలో 2019లో పదో తరగతి ఇంటర్నల్స్ ఎత్తేసినప్పుడు నాకు బాధ కలగలేదు. ఆ ఇరవై మార్కుల్లో మా పిల్ల ఆలోచన ఎక్కడుందండీ?

కొత్తసిలబస్
సీబీఎస్ఈలో పదికి లెక్కలు చెబుతున్నాను. మా పేపర్లో కేస్ స్టడీ ప్రశ్నలు మూడు, ఒక్కొక్కటీ 4 మార్కులు. ముందు పెద్ద పేరా ఉంటుంది: పార్కు, స్టేడియం, జెండా స్తంభం. రెండు నెలల్లో పిల్లలు కిటుకు పట్టేశారు. కథ వదిలేసి అంకెలు ఏరుకుంటారు, ఇది శ్రేఢి, ఇది త్రికోణమితి అని సూత్రం వేసేస్తారు. ఆలోచన కొలుద్దామని పెట్టిన ప్రశ్న చివరికి చదివే వేగాన్ని కొలుస్తోంది. ఇంగ్లిష్ తడబడే పిల్లవాడు లెక్క వచ్చి కూడా అక్కడే ఆగిపోతాడు.

మీ బస్సు లెక్కకి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1983 నాటి జాతీయ పరీక్షలో 13 ఏళ్ళ పిల్లల్ని ఇలాంటిదే అడిగారు: 1128 మంది సైనికులు, బస్సుకి 36 మంది, ఎన్ని బస్సులు? భాగహారం 70 శాతం మంది సరిగ్గానే చేశారు. 29 శాతం మంది "31, మిగులు 12" అని రాశారు. 32 అన్నవాళ్ళు 23 శాతమే. అంటే లెక్క చేయడం వేరు, వచ్చిన జవాబు వైపు ఒకసారి తిరిగి చూడడం వేరు. ఆ రెండోది అడగకపోతే మనకి తెలియనే తెలియదు. అందుకే అడగాలంటాను. ఎలా అడగాలన్న దగ్గరే మనం తప్పుతున్నాం.

నల్లబల్ల
ముగ్గుచుక్క గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా బడిలోనూ జరిగింది, కాదనను. కానీ అది ఆలోచనని కొలవడం వల్ల జరగలేదు. ముందే తెలిసిన ప్రశ్నకి మార్కులు పెట్టడం వల్ల జరిగింది.

ఎర్రసిరా గారూ, కీ ఉండాలన్నారు కదా, ఒకటి చూడండి. "16/64లో పైన 6, కింద 6 కొట్టేస్తే 1/4 వచ్చిందని ఒకడు అన్నాడు. జవాబు సరైనదే. పద్ధతి సరైనదేనా? చూపించు." దీనికి కీ రాయవచ్చు. పద్ధతి చెల్లని మరో భిన్నం చూపిస్తే ఒక మార్కు: 13/34 అయినా సరే, 26/61 అయినా సరే, ఎవరైనా పావు నిమిషంలో సరిచూడగలరు. 16లో 6 అంటే ఒకట్ల స్థానంలో అంకె, కారణాంకం కాదు కాబట్టి కొట్టేయకూడదని ఏ మాటల్లో చెప్పినా రెండో మార్కు. గైడ్లో ఒక భిన్నం బట్టీ పట్టినా, వచ్చే ఏడాది వేరే తప్పు ఇస్తాం. తప్పులకేం కొదవ! పిల్లల నోటు పుస్తకాల్లోనే బోలెడు దొరుకుతాయి.

ఎర్రసిరా
ఈ 16/64 ప్రశ్న అయితే నేను దిద్దగలను. పక్క టేబుల్ వాళ్ళూ అవే మార్కులు వేస్తారు. పేపరుకి ఇలాంటివి ఒకటి రెండు వస్తే అభ్యంతరం లేదు. ప్రశ్న ఇచ్చేవాళ్ళే కీలో "ఏ సరైన ఉదాహరణ అయినా" అని స్పష్టంగా రాయాలి. అది లేకపోతే మేం ఇబ్బంది పడతాం.

బస్సు విషయంలో మాత్రం మీ ప్రశ్నలోనే లోపముంది. "ఏం ఏర్పాటు చేయాలి" అని తలుపు తెరిచి పెట్టారు. అలా అడిగాక మ్యాజిక్ అన్నవాడికి మార్కు కోయడం న్యాయం కాదు. బస్సులే కావాలంటే బస్సులని అడగాలి. కాబట్టి మీ రెండు మార్కులూ సరైనవే. మీ తోటి టీచర్‌తో నా మాటగా చెప్పండి.

ముగ్గుచుక్క
ఇలాంటి ప్రశ్న మా అమ్మాయికి ఇంట్లో ఇచ్చి చూస్తాను. మార్కులు లేకుండానే. ఆ కుర్రాడికి మ్యాజిక్ ఎలా తట్టిందో అడిగారా?

నల్లబల్ల
అడిగాను మేడమ్. వాళ్ళ ఊరి నుంచి రోజూ మ్యాజిక్‌లోనే వస్తాడట. "పదిమంది సులువుగా పడతారు సార్, మేం ఇంకా ఎక్కువే ఎక్కుతాం" అన్నాడు. 3.25 రాసిన పిల్లల్ని, ఆ పావు బస్సు ఎలా ఉంటుందో బోర్డు మీద గీయమన్నాను. ఒకమ్మాయి చాక్‌పీసు పట్టుకుని కాసేపు నిలబడి, గీయకుండా వెనక్కి తిరిగింది. "సార్, మరి మీరు ఎక్కడ కూర్చుంటారు? 130లో టీచర్లు లేరు కదా" అంది. ప్రశ్న తయారుచేసిన నాకే ఆ సంగతి తట్టలేదు. ఆ అమ్మాయి పేపర్లో 3.25 అనే ఉంది, ఒక్క మార్కే పడింది.

వచ్చే స్లిప్ టెస్టులో 16/64 ప్రశ్న పెడుతున్నాను. పేర్లు తీసేసి పిల్లల జవాబులు ఇక్కడ రాస్తాను. ఎర్రసిరా గారూ, నా మార్కులు చెప్పకముందే మీరు దిద్దండి. ఇద్దరివీ ఎంతవరకు కలుస్తాయో చూద్దాం.