రక్తం పలచబడింది, రక్తం పలచబడే మందు: రెండు చోట్లా ఒకటే పలచనా?

ప్రశ్న:
మా అత్తయ్యగారికి గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు రాశారు. మొన్న సీబీపీ (రక్త కణాల పరీక్ష) చేయిస్తే హిమోగ్లోబిన్ 9 వచ్చింది. రక్తం పలచబడిందని చెప్పారు. ఆవిడ రెండు మాటలూ కలిపి ఆలోచించి, "ఉన్న రక్తమే పలచనైపోతే ఇంకా పలచన చేసే మాత్ర నాకెందుకు?" అని మానేస్తానంటున్నారు. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి వేరే తెలుగు మాట ఉందాండీ?

జవాబు:
మాట సంగతి తర్వాత, ముందు ఇది చూడండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఆ మాత్రలు సొంతంగా మానకూడదు. స్టెంట్ లోపలే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. హిమోగ్లోబిన్ 9 అన్న విషయం ఈరోజే గుండె డాక్టరుకు చెప్పండి. ఆవిడ భయం ఉత్తిది కాదు. ఈ మాత్రల వల్ల కొందరికి కడుపులో కొద్దికొద్దిగా నెత్తురు కారుతూ హిమోగ్లోబిన్ తగ్గుతుంది. విరేచనం నల్లగా అవుతోందా అని తప్పకుండా అడగండి.

ఇక మాట. నేను ల్యాబులో పనిచేస్తాను, ఈ రెండు పలచనల తికమక తరచుగా చూస్తాను. నాకు తోచినంతవరకు మన ఇళ్లలో వాడే 'రక్తం పలచబడింది' అన్న పాత మాటే సరైనది, మందుల చీటీతో వచ్చిన 'రక్తం పలచబడే మందు' అన్న కొత్త మాటే దారి తప్పిస్తోంది.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. దాన్ని ట్యూబులో పోసి యంత్రంలో తిప్పితే పైన లేత పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది, సగం కంటే కాస్త ఎక్కువే. అందులో 90 శాతం దాకా నీళ్లే. మిగతాది ఆల్బుమిన్, గ్లోబ్యులిన్లు, ఫైబ్రినోజెన్ లాంటి ప్రొటీన్లు, లవణాలు, చక్కెర. అడుగున ఎర్ర కణాలు. మధ్యలో సన్నని తెల్లని పొర, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ కలిసి ఒక్క శాతం కూడా ఉండవు. రక్తం నీటికంటే మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉండటానికి ముఖ్య కారణం ఆ అడుగున పేరిన ఎర్ర కణాలే. రిపోర్టులో పీసీవీ అని ఉండేది వాటి వాటానే.

రక్తహీనతలో 5 లీటర్లు 3 లీటర్లు అయిపోవు. ఎర్ర కణాల వాటా తగ్గుతుంది, ఆ లోటును ప్లాస్మా పూడుస్తుంది. అంటే రక్తం నిజంగానే పలచబడింది! గర్భిణుల్లో ఇది ఇంకా స్పష్టం. ప్లాస్మా 40 శాతానికి పైగా పెరుగుతుంది, ఎర్ర కణాలు అంతగా పెరగవు. అందుకే రక్తహీనత అనడానికి మామూలు స్త్రీలకు 12 గ్రాములు హద్దయితే గర్భిణులకు 11, మధ్య మూడు నెలల్లో 10.5 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది.

మరి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఏం చేస్తాయి? గడ్డ కట్టడానికి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవాలి, అలా అతుక్కోకుండా చూస్తాయి. వాల్వు మార్చినవాళ్లకు ఇచ్చే వార్ఫరిన్ వేరే దారిలో వెళ్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది, ఆ పనికి ఇది అడ్డుపడుతుంది. ఈ మందుల్లో ఏదీ రక్తంలో నీళ్లు కలపదు. సీబీపీకి ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీస్తాం కదా, లోపలి ఈడీటీఏ మందు కాల్షియాన్ని పట్టేసుకోవడంతో అది గడ్డకట్టదు. అయినా దాని చిక్కదనం ఏమీ తగ్గదు. ఇంగ్లిష్‌లో ఎవరో 'బ్లడ్ థిన్నర్' అన్నారు, మనం దాన్ని మక్కీకి మక్కీ దింపుకున్నాం.

అత్తయ్యగారితో ఇలా అనండి: పాలల్లో నీళ్లు కలపడం వేరు, పాలు తోడుకోకుండా చూడటం వేరు. మాత్ర చేసేది రెండో పని.

మరొకరు:
తోడుకోవడం బాగుంది. దానికి దగ్గరి మాట 'పేరుకోవడం' ఉండనే ఉంది కదా? నెయ్యి పేరుకుంది అంటాం, గాయం మీద నెత్తురు పేరుకుంది అంటాం. "నెత్తురు పేరుకోకుండా చూసే మాత్ర" అంటే ఎంత తెలుగుగా ఉంది! నెత్తురు మన సొంత మాట, కన్నడంలోనూ దాని తోబుట్టువు నెత్తరు ఉంది. బళ్లోనేమో గడ్డకట్టడాన్ని రక్తస్కందనం, ప్లేట్‌లెట్లను రక్త ఫలకికలు అని చదివాం. పరీక్ష అయ్యాక ఆ మాటలు మళ్లీ ఎవరి నోటా వినలేదు.

జవాబు:
మాట నాకూ నచ్చింది, కానీ ఒక చిక్కుంది. "రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంది" అని రోజూ వింటున్నాం. పేరుకోకుండా మాత్ర అంటే కొలెస్ట్రాల్ మందు అనుకుంటారు, స్టెంట్ వేసినవాళ్లకు అదీ ఇస్తారు కాబట్టి మళ్లీ గందరగోళమే. "గడ్డకట్టకుండా చూసే మాత్ర" అన్నదాన్ని ఎవరూ రెండో రకంగా అర్థం చేసుకోరు. కాస్త పొడుగైనా నా ఓటు దానికే.

ఇంకొకరు:
మరి డెంగీలో? ప్లేట్‌లెట్లు పడిపోతే మా వైపు "రక్తం నీళ్లయిపోయింది" అంటారు.

జవాబు:
అక్కడ మాత్రం ఆ మాట తలకిందులు. తీవ్రమైన డెంగీలో ప్లాస్మా సన్నని రక్తనాళాల గోడల్లోంచి బయటికి కారిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే అడిగి టెన్షన్ పడతారు. డాక్టర్లు దాంతోపాటు పీసీవీ, బీపీ, మూత్రం ఎంత వస్తోంది అన్నవీ చూస్తారు, ఎక్కించే సెలైన్ లెక్క వాటిని బట్టే. మన అసలు చర్చకు వస్తే, ప్లేట్‌లెట్లు ఇలా తగ్గి ఉన్నప్పుడు ఆస్పిరిన్ పడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దనేది అందుకే. అయితే స్టెంట్ ఉన్నవాళ్లకే డెంగీ వస్తే ఆ మాత్ర ఆపాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకునేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.