నాలుగు ఇళ్లలో ఒక విక్రాంత్: యుద్ధనౌక మోడల్‌ను పంచుకుని కట్టడం సరైన పనేనా?

తీరంగాలి (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. మా నలుగురి మధ్య వచ్చిన ఒక పేచీ మీ ముందు పెడుతున్నాను. మోడళ్లు కట్టిన అనుభవం ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

మన నౌకాదళపు పాత విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను ఒకటికి రెండు వందల కొలతలో కడుతున్నాం. అసలు ఓడ పొడవు 213 మీటర్లు, మాది 107 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. కిట్ కొనలేదు, అంతా చేత్తోనే. హల్, అంటే ఓడ ఒడలు, నా వంతు: ప్లైవుడ్ పక్కటెముకలు నిలబెట్టి వాటి మీద తేలికైన బాల్సా చెక్క బద్దలు అంటించాను. ఫ్లైట్ డెక్, అంటే విమానాలు లేచి దిగే పైతలం, రాజమండ్రిలో ఉన్న మా బావ వంతు. ఐలాండ్, అంటే డెక్ మీద కుడి అంచున నిలబడే కట్టడం, మాస్టుతో సహా మా పై వాటాలో ఉండే మాస్టారు చేస్తున్నారు. విమానాలు హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడివి, అతని దగ్గర రెజిన్ ప్రింటర్ ఉంది. పద్నాలుగు నెలలు ఎవరింట్లో వాళ్లం పని చేసుకున్నాం. ఫోన్లో ఫొటోలు పంపుకుంటూ, బాగుంది బాగుంది అనుకుంటూ.

పోయిన ఆదివారం అన్నీ మా ఇంట్లో టేబుల్ మీదికి చేరాయి. బావ డెక్ విప్పి హల్ మీద పెట్టాడు. హైదరాబాద్ స్నేహితుడు దాన్ని చూసి, తన డబ్బా మూత సగం తీసినవాడు మళ్లీ పెట్టేశాడు. డబ్బాలో పన్నెండు సీ హాక్ విమానాలు, నాలుగు అలిజేలు. ఒక్కో సీ హాక్ ఆరు సెంటీమీటర్లు, సగం వాటికి రెక్కలు పైకి మడిచి ఉన్నాయి. బావ డెక్ ముక్కేమో పైకి లేచి ఉంది. స్కీ జంప్.

ఈ ఓడ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1971 యుద్ధంలో విక్రాంత్ మీంచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి వెళ్లినవి సీ హాక్‌లు, అలిజేలు. సీ హాక్‌ను డెక్ ముందు భాగంలో ఉండే ఆవిరి కాటపుల్ట్ యంత్రం విసిరితేనే గాల్లోకి లేచేది. స్కీ జంప్, అంటే పైకి వంగిన ఆ ముక్కు, పెట్టింది 1980ల చివర్లో, తర్వాత వచ్చిన సీ హారియర్ విమానాల కోసం. కాటపుల్ట్ తీసేసింది కూడా ఆ మార్పుల్లోనే. అప్పటికి సీ హాక్‌లు సర్వీసులోంచి వెళ్లిపోయాయి. ఈ డెక్కు, ఈ విమానాలు ఒక్క రోజు కూడా కలిసి సముద్రం మీద లేవు.

బావకు కోపం, స్నేహితుడికి బాధ. మాస్టారు మాత్రం "ఇలాంటివి ఒకరే కట్టాలి, మిగతావాళ్లు చేతి సాయం చేయాలి, నేను మొదట్నుంచీ అదే అంటున్నాను" అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడడం లేదు. కలిసి కట్టకపోతే ఈ ఓడ జోలికే వెళ్లేవాణ్ని కాదు. మీరేమంటారు?

కొలబద్ద:

తీరంగాలి గారూ, నొప్పించాలని కాదు గానీ, నా ఓటు మాస్టారికే. పంచుకుని కడితే ఇది ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సిందే. మీకు పెద్దగా జరిగింది కాబట్టి వెంటనే కనబడింది. కనబడకుండా జరిగేవి ఇంకా చాలా ఉంటాయి.

మీ కొలతలో అర మిల్లీమీటరు తేడా అంటే అసలు ఓడ మీద పది సెంటీమీటర్లు. హల్లో ఒక అర, డెక్‌లో ఒక అర, ఐలాండ్ అడుగున ఇంకో అర. మూడూ ఒకే పక్కకు పోతే అసలు ఓడ మీద అడుగు తేడా. ఎవరి ముక్క వాళ్లింట్లో సరిగ్గానే ఉంటుంది. టేబుల్ మీదికి వచ్చాకే వంకర తెలుస్తుంది.

రెయిలింగ్ సంగతి చూడండి. అసలు ఎత్తు మీటరు అనుకుంటే మీకు అయిదు మిల్లీమీటర్లు. డెక్ అంచుకు ఒకరు 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ వాడి, ఐలాండ్‌కు ఇంకొకరు 0.5 వాడారనుకోండి. ఆ 0.5 తీగ అసలు ఓడ మీద పది సెంటీమీటర్ల లావు గొట్టం అవుతుంది! పట్టుకోవడానికి నావికుడి చెయ్యి కూడా చాలదు. చూసేవాళ్లకు తప్పేమిటో చెప్పడం రాదు, కానీ ఏదో బొమ్మలా ఉందే అనిపిస్తుంది. నేను యమాటోను ఒకటికి మూడు వందల యాభైలో ఒక్కణ్నే కట్టాను. 75 సెంటీమీటర్ల ఓడ. గొప్పగా కట్టానని చెప్పుకోవడానికి కాదు, మొదటి రెయిలింగ్ కట్టిన చెయ్యే చివరి రెయిలింగ్ కూడా కట్టింది కాబట్టి ఓడంతా ఒకే మాట మీద ఉంది.

లాఫ్ట్‌మన్ (గాజువాక):

షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఓడలు ఒక్కరే కట్టాలన్న మాట ఒప్పుకోవడం నావల్ల కాదు.

మీరు కడుతున్న ఆ విక్రాంత్ సంగతే చూడండి బాబూ. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు కట్టి 1945 సెప్టెంబర్‌లో నీళ్లలోకి దింపారు. అప్పుడు దాని పేరు హెర్క్యులీజ్. యుద్ధం అయిపోయింది, ఓడ సగంలో ఆగిపోయింది. 1957లో మన దేశం కొన్నది. మిగతా పని బెల్‌ఫాస్ట్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ వాళ్లు పూర్తి చేస్తే, 1961 మార్చి 4న మన నౌకాదళంలో చేరింది. రెండు యార్డులు, రెండు ఊళ్లు, మధ్యలో పదహారేళ్లు. దించినవాళ్లు ఒకరు, ముగించినవాళ్లు ఒకరు. అయినా ముక్కలు కలవలేదా?

కలవడానికి కారణం లాఫ్ట్. మా రోజుల్లో మౌల్డ్ లాఫ్ట్ అని పెద్ద హాలు ఉండేది. నేల మీద ఓడ గీతలు అసలు సైజులో గీసేవాళ్లం, మోకాళ్ల మీద పాకుతూ. ఆ గీతల మీంచి చెక్కతో టెంప్లేట్లు తీసి ప్లేట్ షాపుకు పంపేవాళ్లం. అక్కడ రేకు కోసేవాడు ఓడ మొత్తాన్ని ఎన్నడూ చూసి ఉండడు, చూడక్కర్లేదు కూడా. టెంప్లేటుకు సరిపోయిందా లేదా, అంతే.

మీరు నలుగురూ టేపుతో కొలిచారు. అక్కడ పోయింది. ఒకటికి రెండు వందల డ్రాయింగు ఒకే కాగితం మీద తీయించండి, 107 సెంటీమీటర్ల పొడవునా అతుకు లేకుండా. ప్లాటర్, అంటే పెద్ద కాగితాల ప్రింటర్, ఉన్న ఏ జిరాక్స్ షాపులో అయినా తీస్తారు. దాని మీంచి మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ టెంప్లేట్లు కోసి తలా ఒకటి ఇవ్వండి. ఇంకో మాట. బాల్సా పనికి సాండింగ్ సీలర్ రెండు పూతలు వేయకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపకండి. మన సముద్రపు గాలికి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. హైదరాబాద్‌లో సరిపోయింది ఇక్కడ సరిపోదు.

సన్నపని:

లాఫ్ట్‌మన్ గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. జపాన్‌లో షిజువోకా ఊరి మోడల్ కంపెనీలు తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి 1971లోనే కలిసి వాటర్‌లైన్ సిరీస్ మొదలుపెట్టాయి. జపాన్ నౌకాదళం ఓడలను తమలో తాము పంచుకుని అన్నీ ఒకటికి ఏడు వందల కొలతలో తెచ్చాయి. దుకాణంలో ఒకరి మీద ఒకరు పోటీ పడే కంపెనీలు! నాలుగు పెట్టెలు తెచ్చి పక్కపక్కన పెడితే ఒకే నౌకాదళంలా ఉంటుంది. ఫుజిమి 1992లో బయటికి వెళ్లిపోయింది, ఆ సిరీస్ మాత్రం ఆగలేదు. పంచుకోవడం కుదరదని ఎలా అంటాం?

కొలబద్ద:

సన్నపని గారూ, మీ ఉదాహరణ నా మాటే చెబుతోంది. ఆ కంపెనీలు ఓడలను పంచుకున్నాయి, ఒక ఓడను కాదు. ఓడ మొత్తం ఒకరిదే. తీరంగాలి గారి నలుగురూ అలా పంచుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. ఒకరు విక్రాంత్, ఒకరు రాజ్‌పుత్ యుద్ధనౌక, ఒకరు కుర్సురా జలాంతర్గామి. అన్నీ ఒకటికి రెండు వందలు.

లాఫ్ట్‌మన్ గారి టెంప్లేట్ల సలహాకు నిజంగా దండం. కానీ యార్డులో డ్రాయింగు మీద సంతకం పెట్టే నావల్ ఆర్కిటెక్టు ఒకడు ఉంటాడు కదండీ. ఈ నలుగురిలో అతను ఎవరు?

లాఫ్ట్‌మన్ (గాజువాక):

అది న్యాయమైన ప్రశ్న. సంతకం ఒకరిదే ఉండాలి, ఒప్పుకుంటాను. చేతులు మాత్రం ఎన్నైనా ఉండొచ్చు.

నావికుడి కూతురు (ముంబై):

అందరూ తప్పు ఎలా జరిగిందనే మాట్లాడుతున్నారు. స్కీ జంప్ తప్పేమీ కాదు కదా. మా నాన్న ఆ ఓడ మీద పని చేసింది సీ హారియర్ల కాలంలో. మా ఇంట్లో విక్రాంత్ అంటే పైకి లేచిన ఆ ముక్కే. 1997 జనవరి 31న సర్వీసు ముగిశాక అదే రూపంలో ఇక్కడ మ్యూజియంగా నిలబడింది. స్కూలు పిల్లలు లైను కట్టి ఎక్కేవారు. 2012లో భద్రత కారణంగా మూసేశారు, 2014లో విరగ్గొట్టడం మొదలుపెట్టారు. ఆ లోహంతో మోటార్‌సైకిలు కూడా వచ్చింది. మా నాన్న కొనలేదు, చూడడానికి షోరూముకు మాత్రం వెళ్లొచ్చారు.

డెక్ కోయకండి. విమానాలు మార్చండి. సీ హాక్‌లు ఎగరేసిన 300 స్క్వాడ్రన్, వైట్ టైగర్స్, వాళ్లే తర్వాత సీ హారియర్లకు మారారు. ఒక్కో సీ హారియర్ మీ కొలతలో ఏడుంపావు సెంటీమీటర్లు. ప్రింటర్ ఉంది కాబట్టి నెల రోజుల పని. పద్నాలుగు నెలల డెక్ పారేయడం కన్నా అది తేలిక.

తీరంగాలి (విశాఖపట్నం):

అమ్మా, మీరు రాసింది మా నలుగురికీ చదివి వినిపించాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మీ సలహాలో తప్పు లేదు, కానీ మాకు 1971 ఎందుకో చెప్పాలి.

మేం ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా హార్బర్ బయటే మునిగింది. అది వెతుక్కుంటూ వచ్చింది విక్రాంత్ కోసం. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మేలా మనవాళ్లు సందేశాలు నడిపారు, రాజ్‌పుత్‌ను దాని స్థానంలో చూపించారు. అసలు ఓడ అండమాన్ దగ్గర దాగి ఉంది. ఘాజీ ఎలా మునిగిందన్న వాదన ఇక్కడ వద్దు, అది ఎంతకీ తేలేది కాదు. ఆ డిసెంబర్‌లో విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగుళ్లతో ఉంది, పూర్తి వేగం లేదు. అయినా 4వ తేదీ పొద్దున సీ హాక్‌లు లేచాయి. మేం కట్టాలనుకున్నది ఆ పొద్దుటి ఓడ. మా నలుగురి మనసులోనూ అదే ఉంది. కానీ కాగితం మీద ఎవరమూ రాయలేదు. "విక్రాంత్" అని మాత్రం రాసుకున్నాం, ఏ రోజు విక్రాంత్ అన్నది రాయలేదు.

కొలబద్ద గారూ, మీరు అడిగిన సంతకం గురించి రెండు రోజులు ఆలోచించాను. ఒక్కడి చేతిలో ఓడంతా పెట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ తేదీ మీద, డ్రాయింగు మీద ఒక్కరి మాటే చెల్లాలి. అది మాస్టారికి ఇచ్చాం. డ్రాయింగు మీద 4-12-1971 అని ఎర్ర సిరాతో రాశారు.

కొలబద్ద:

తేదీ రాశారంటే సగం గొడవ తీరినట్టే. ఇంకొక్కటి: గ్రే రంగు ఒకే డబ్బాలోంచి, ఒకే చేత్తో, ఒకే రోజు వేయండి. ఇంతకుమించి పట్టుబట్టను.

డెక్ బావ (రాజమండ్రి):

ఇంత చర్చకు కారణమైన డెక్ నాదే. 2010లో ముంబై వెళ్లినప్పుడు ఆ ఓడ ఎక్కి నూట నలభై ఫొటోలు తీసుకున్నాను. డెక్ మీద మోకాళ్ల మీద కూర్చుని, రేకుల అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి మరీ తీశాను. ఆ ఫొటోలు పక్కన పెట్టుకునే కట్టాను. 1971 నాటి ఫొటోలు నా దగ్గర ఉన్నవి నాలుగే, అవీ మసక. దొరికిన ఓడను కట్టాను. అందుకే ఆదివారం అంత కోపం వచ్చింది. పని చేయలేదని ఎవరూ అనలేదు, కానీ నాకు అలాగే వినిపించింది.

ముంబై చెల్లెమ్మ మాట చదివాక డెక్ ఉంచేద్దామనే అనుకున్నాను. రెండు రాత్రులు దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. తర్వాత ఆ సీ హాక్‌లలో ఒకటి పట్టుకొచ్చి స్కీ జంప్ మీద పెట్టి చూశాను. ముక్కు ఆకాశం వైపు, వెనక తోసేదేమీ లేదు. నాకే చూడబుద్ధి కాలేదు.

నిన్న ఫ్రెట్ సా రంపం తీసి, విమానాలను డెక్ మీదికి తెచ్చే ముందు లిఫ్టుకు కాస్త ముందుగా అడ్డంగా కోశాను. వెనక భాగం, రెండు లిఫ్టులు, ఏటవాలుగా పక్కకు తిరిగిన రన్‌వే గీతలు అన్నీ అలాగే ఉన్నాయి. కోసిన ముక్కు భాగం పారేయలేదు. చెల్లెమ్మా, మీ చిరునామా నాకు విడిగా పంపు. చిన్న దిమ్మ మీద బిగించి, ఒక్క సీ హారియర్ నిలబెట్టి నాన్నగారికి పంపుతాం. ప్రింటర్ అతను ఒప్పుకున్నాడు.

లాఫ్ట్‌మన్ గారూ, వచ్చే ఆదివారం టెంప్లేటు తీయడానికి మీరు దగ్గరుంటారా? కొత్త ముందు భాగం ఈసారి మా ఇంట్లో కోయను. హల్ అక్కడే ఉంది కాబట్టి దాని మీదే పెట్టి కోస్తాను. ఉదయం బస్సుకు బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. ప్లైవుడ్, ఉప్పు కాగితం నేనే తెస్తాను.

లాఫ్ట్‌మన్ (గాజువాక):

ఉంటాను బాబూ. నా పాత గీత సూది, ఇత్తడి మూలమట్టం తెస్తాను. భోజనం చేసి రాకు, మా ఇంట్లోనే తిందువుగాని.